అందరూ తోడుగా వెళ్ళిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో జబ్బులు చాలా ఉండేవి, జబ్బు మనిషి మాత్రం ఒక్కడే ఉండేవాడు. ఆ ఒక్కడు మా చిన్నాన్న. ఈ లెక్క తప్పని నాకు ఐదో తరగతిలోనే తెలిసింది. మా వాళ్ళకు ఇప్పటికీ తెలియలేదు. ఆ విసుగుతోనే ఇది రాస్తున్నాను.

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. తాతయ్య వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు, నాన్నా చిన్నాన్నా అక్కడే పనిచేస్తున్నారు. చిన్నాన్న రైలు పెట్టెల వడ్రంగి. కొన్ని నెలలు ఆయనకు నిద్ర అక్కర్లేదు. ఇంటి తలుపులన్నీ విప్పి కొత్త పద్ధతిలో బిగిస్తాననేవాడు. లైనులో ఉన్న ప్రతి ఇంటికీ మంచం చేసిపెడతానని మాటిచ్చేవాడు. వినేవాడు లేచి వెళ్ళిపోయినా మాట్లాడుతూనే ఉండేవాడు. ఆ తర్వాత ఒక పొద్దున, సగం బిగించిన తలుపును గోడకు చేరవేసి, అటు తిరిగి పడుకునేవాడు. ఇక వారాల తరబడి స్నానం ఉండదు, డ్యూటీ ఉండదు. అప్పటికే రెండుసార్లు నోటీసు వచ్చింది. ఇంకోసారి ఇలా అయితే ఉద్యోగం నిలబడదని ఫోర్‌మన్ నాన్నకు చెప్పి పంపాడు. అలా చెప్పి పంపేసరికే చిన్నాన్న మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

మిగతావాళ్ళ సంగతి చెప్పాలి. నాన్నకు తలలో ఒక పక్కే నొప్పి లేచేది. కిటికీలు మూసి, కళ్ళమీద తడి తువ్వాలు వేసుకుని, పళ్ళెం చప్పుడైనా మా మీద అరిచేవాడు. దానికి మా ఇంట్లో పేరు 'ఎండ దెబ్బ'. పుష్యమాసంలో వచ్చినా ఎండ దెబ్బే. మా మేనత్తకు ఉన్నట్టుండి గుండె దడదడలాడేది, చేతులు వణికేవి, మెడ ముందు చిన్న వాపు కూడా ఉండేది. దాని పేరు 'సున్నితం'. హోమియోపతి తెల్ల గోళీలు నాలుక కింద పెట్టుకుని తిరిగేది. తాతయ్య రోజూ పొద్దుగూకగానే తాగేవాడు. అది 'అలవాటు'. చిన్నాన్నదానికి మాత్రం ఒకటే పేరు, పిచ్చి.

మా నాయనమ్మ శ్రీకాకుళం వైపు నుంచి కోడలిగా వచ్చిన మనిషి. వీళ్ళ నలుగురికీ వండి పెట్టీ పెట్టీ ఆమెకు ఓపిక అయిపోయింది. ఖరిదా బజారులో మందుల కొట్టు పైన మేడగదిలో, బుధవారం బుధవారం కలకత్తా నుంచి మనసు డాక్టరు వస్తాడని విని ఒక్కతే వెళ్ళింది. ఆయన, అబ్బాయిని తీసుకురా, ఇంట్లో వాళ్ళనూ తీసుకురా, వాళ్ళనూ అడగాలి అన్నాడట. ఇంటికొచ్చి చెబితే తాతయ్య లేచాడు. "ఆడికి పిచ్చయితే మమ్మల్నేటే అడిగీది? ఊరంతా సూస్తాది, నోరుముయ్యి." నాన్న తల పట్టుకున్నాడు. అత్త గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

నాయనమ్మ నోరు మూసింది. ఒక వారం ఆగింది. తర్వాత వంటింట్లో ఒక్కొక్కరినే పిలిచి మాట్లాడింది. నేను అక్కడే పీట మీద కూర్చుని బఠాణీలు వలుస్తున్నాను కాబట్టి అన్నీ విన్నాను. నాన్నతో, "నీ తమ్ముణ్ణి డాక్టరుకి సూపించాల, నువ్వు తోడు రా, ఆడికి మాత్రం సెప్పకు, సిగ్గుపడతాడు" అంది. పడుకున్న చిన్నాన్న దగ్గరికి వెళ్ళి, మీ నాన్న తాగుడుకు మందిప్పించాలి, నువ్వు లేకపోతే ఆయన కదలడు అంది. తాతయ్యతో ఆడపిల్ల గుండె సంగతి చెప్పి, పెద్దవాడివి నువ్వు లేకుండా ఎలా అంది. అత్తతో అన్నయ్య తలనొప్పి మాట చెప్పింది. ఎవరి గురించి చెబితే ఎవరు కదులుతారో ఆమెకు తెలుసు. తన జబ్బు కోసమైతే ఒక్కరూ గడప దాటేవారు కాదు. చిన్నాన్న తండ్రి కోసం లేచి, అన్ని రోజుల తర్వాత గడ్డం గీసుకోవడం చూసి నేను బఠాణీలు వలవడం ఆపేశాను.

ఆ బుధవారం మధ్యాహ్నం నడిచి వెళ్ళాం. మా తమ్ముడు రిక్షాలో వెళ్ళామంటాడు. వాడు అప్పుడు అమ్మతో పాటు అమ్మమ్మగారింట్లో ఉన్నాడు, వాడికేం తెలుసు. దారంతా ఒకరినొకరు జాలిగా చూసుకున్నారు. నాన్న చిన్నాన్నకు గొడుగు పట్టాడు. చిన్నాన్న తాతయ్య చెయ్యి పట్టుకుని రైలు గేటు దాటించాడు. తాతయ్య అత్తను మెల్లగా నడవమన్నాడు. మా ఇంటివాళ్ళు ఒకరిపట్ల ఒకరు అంత మర్యాదగా ఉండడం నేను మళ్ళీ చూడలేదు.

డాక్టరు తల ఎత్తి బల్ల మీద వరసగా కూర్చున్న మమ్మల్ని చూసి, "రోగీ కే?" అన్నాడు, రోగి ఎవరని.

నలుగురూ ఒకేసారి చెయ్యి చాపి చూపించారు, ఒక్కొక్కరు ఒక్కొక్కరి వైపు. నాయనమ్మ తనకొచ్చిన బెంగాలీలో, "సబాయి, డాక్టర్‌బాబూ, సబాయి" అంది. అందరూ అని.

తాతయ్య ముఖం నల్లబడింది. "నన్ను పిచ్చోళ్ళ డాక్టరు కాడికి తెచ్చినావేటే!" అని లేచాడు. నాయనమ్మ తగ్గలేదు. "తెచ్చినాను. ముప్పయ్యేళ్ళు మోసినాను గదా, ఇంక నాకు సేతకాదు. ఎల్తే ఎల్లు, మెట్లు జాగ్రత్త." ఆయన మెట్ల దాకా వెళ్ళి, కిందికి దిగకుండా, లోపలికి రాకుండా బీడీ వెలిగించుకుని అక్కడే కూర్చున్నాడు.

చిన్నాన్నతో చాలాసేపు మాట్లాడి డాక్టరు మందు రాయబోతున్నాడు. అప్పుడు, ఎప్పుడూ నోరెత్తని అత్త, "నాకూ ఒకటుందండి" అంది. దడ గురించి చెప్పింది, రాత్రుళ్ళు చచ్చిపోతాననిపించే భయం గురించి చెప్పింది, మెడ చూపించింది. డాక్టరు కలం పక్కన పెట్టాడు. చిన్నాన్నకు ఇవ్వాలనుకున్న మాత్ర మెడలోని గ్రంథిని దెబ్బతీయవచ్చనీ, ఇంట్లో ఒకరికి అక్కడ తేడా ఉందంటే ముందు ఆయన రక్తం కూడా పరీక్ష చేయాలనీ చెప్పాడు. అత్త నోరు విప్పకపోతే ఆ పరీక్ష సంగతే వచ్చేది కాదు. ఆ తర్వాత నాన్న కూడా నేలచూపులు చూస్తూ తన తల సంగతి చెప్పాడు.

డాక్టరు మా భాషా ఆయన భాషా కలిపి, నాకూ అర్థమయ్యేలా చెప్పాడు. ఇవన్నీ ఒకే జబ్బు కాదు, ఒకరికి ఉంటే అందరికీ వస్తుందనీ కాదు. కానీ ఇలా పొంగి కుంగే మనసు ఒకరికున్న ఇళ్ళలో భయమూ, తాగుడూ, ఒకపక్క తలనొప్పీ, ఈ మెడ జబ్బూ తరచు కనిపిస్తుంటాయి. ఆ రోగికే రెండు మూడు కలిసి ఉండవచ్చు కూడా. ఒకటి దాచితే ఇంకోదాని వైద్యం చెడుతుంది. తలుపు వైపు చూసి, అన్నిటికంటే ముందు ఆ మెట్ల మీద మనిషిని అడగాలనుకున్నాను అన్నాడు.

పరీక్షలయ్యాక చిన్నాన్నకు మందు మొదలైంది. ఉద్యోగం నిలబడింది. మధ్యలో రెండుసార్లు పడ్డాడు, లేచాడు, రిటైరయ్యేదాకా పనిచేశాడు. అత్త మెడకు వైద్యం జరిగింది, దడ చాలావరకు తగ్గింది. తాతయ్య మాత్రం ఆ గదిలోకి ఎప్పుడూ వెళ్ళలేదు. తాగుడు వెనక ఆయనకు ఏముండేదో మాకు తెలియకుండానే పోయాడు. కడుపు జబ్బుతో పోయాడని అందరికీ చెప్పారు.

అంత చూసిన ఇల్లు కదా, బుద్ధి రావాలి. పోయిన నెల మా తమ్ముడి మనవరాలికి నాలుగు రాత్రులు నిద్ర లేదు, మాటకు ఆపు లేదు. డాక్టరు దగ్గరికి నేనూ వెళ్ళాను. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటివి ఉన్నాయా అని డాక్టరమ్మ అడిగితే, మా మేనల్లుడు నా ఎదురుగానే, "ఎవరికీ లేవండి" అన్నాడు. నేను వరసగా చెప్పాను. మేముండే తాల్‌బగీచా చేరేదాకా టోటో రిక్షాలో వాడు ముఖం తిప్పుకునే ఉన్నాడు. దిగేటప్పుడు, "పరువు తీసినావత్తా" అన్నాడు. "పిల్ల కన్నా నీకు పరువెక్కువేట్రా?" అన్నాను. అప్పటినుంచి వాడు ఫోను చేయడం లేదు. పిల్ల చేస్తోంది. చిన్నతాత, అంటే మా చిన్నాన్న, ఉద్యోగం చేశాడా అని అదే మాట మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. చేశాడమ్మా అని మళ్ళీ మళ్ళీ చెబుతాను.

ఏ డాక్టరు ఆ ప్రశ్న అడిగినా నేను మొదట నన్నే చెబుతాను. అత్త దడ నాకూ వచ్చింది, ముప్పయ్యో ఏటి నుంచి మాత్ర వేసుకుంటున్నాను. తర్వాత మిగతావాళ్ళను చెబుతాను, చివర తాతయ్యను కూడా. బతికుంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు. అయినా చెబుతాను.