చెవులు కుట్టిన రోజున మా రెండో సీడీ

మా బ్యాండు రెండో సీడీ విల్లియనూరులో, చెవులు కుట్టే వేడుకలో విడుదలైంది. ఈ రెండింటికీ సంబంధం ఎలా కుదిరిందో కొంత వివరించాలి.

అప్పట్లో నేను యానాం నుంచి సర్కారు ఉద్యోగం మీద పుదుచ్చేరి వచ్చి, నటేశన్ నగర్‌లో ఒక గది తీసుకుని ఉండేవాణ్ణి. కరెంటు మీటర్లు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో పరీక్షించడం నా పని. సాయంత్రాలు బేస్ గిటార్ వాయించేవాణ్ణి. బ్యాండులో ముగ్గురం. డ్రమ్ములు వాయించే అతను కురుచికుప్పంలో పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. పాడుతూ గిటార్ వాయించే మిత్రుడిది విల్లియనూరులో తరతరాలుగా సేద్యం చేస్తున్న తెలుగు కుటుంబం. పాటలు అతనే రాసేవాడు, ఇంట్లో మాట్లాడే తెలుగులో, తమిళ లిపిలో. అతని రాత నేను చదవలేను, నా రాత అతను చదవలేడు. కాబట్టి ఒకరి సాహిత్యాన్ని ఒకరు దిద్దే ప్రమాదం మా మధ్య ఎన్నడూ తలెత్తలేదు.

మేం వాయించేది గ్యారేజ్ రాక్. కారు షెడ్లలో పుట్టిన సంగీతం కాబట్టి దానికి ఆ పేరు. మిత్రుడి ఇంట్లో కారు లేదు, ట్రాక్టర్ షెడ్డు ఉంది. ట్రాక్టరును పొలం దగ్గరికి మార్చాక అది మాకు దక్కింది. ఈ సంగీతంలో గిటార్ శబ్దం శుభ్రంగా ఉండకూడదు. యాంప్లిఫయర్ మోయగలిగినదానికంటే బలమైన సంకేతాన్ని పంపితే తరంగాల శిఖరాలు తెగిపోయి, శబ్దం పాత గుడ్డ చించినట్టు వస్తుంది. అందుకోసం రెండు డయోడ్లతో ఒక చిన్న పెట్టె నేనే తయారుచేశాను. అది నేను ఆశించినదానికంటే బాగా పనిచేసింది.

ఆ ఏడాది మిత్రుడి నాన్నగారు షెడ్డును పిండి మిల్లుకు అద్దెకివ్వాలని నిర్ణయించారు. కారణం, మా మోత. షెడ్డు పోతే మాకు వేరే చోటు లేదు. బ్యాండు అక్కడితో ఆగిపోతుంది. మిల్లు కూడా మోత చేస్తుంది కదా అని నేను మర్యాదగానే అన్నాను.

“అది పిండి ఇస్తాది తంబీ,” అన్నారాయన.

కొడుకు చాలా బతిమాలిన మీదట ఒక షరతు పెట్టారు. “పాపకు చెవులు కుట్టే రోజు మీ పాటలు మైకు సెట్టులో వెయ్యండిరా. చుట్టాలంతా ఉంటారు. ఒక్కడూ నవ్వకుంటే షెడ్డు మీది. ఒక్కడు నవ్వినా మిల్లే.”

పాప అంటే ఆయన కూతురి బిడ్డ. మా సీడీ విడుదలకు ఆ విధంగా పురోహితుడు ముహూర్తం పెట్టాడు. అప్పటికే షెడ్డులో రికార్డు చేసి పెట్టుకున్న నాలుగు పాటలను నేను సీడీలోకి ఎక్కించాను.

మేం లెక్కలోకి తీసుకోని విషయం ఒకటుంది. బిడ్డకు చెవులు కుట్టేది మేనమామ ఒడిలో. మేనమామ మా గాయకుడే. పట్టుపంచె కట్టుకుని, గుండు చేయించిన పాపను ఒడిలో పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు, ఇక లేవడానికి లేదు. డ్రమ్మర్ ఇంజన్ల మెకానిక్ అని ఎవరో చెప్పడం వల్ల అతన్ని జనరేటర్ దగ్గర కాపలా పెట్టారు. మైకు సెట్టు పక్కన మిగిలింది నేను.

కంసాలి చెవికి తీగ పెట్టే సమయంలో పందిట్లో గట్టి మోత ఉండాలి, బిడ్డ ఏడుపు వినబడకూడదు. మామూలుగా నాదస్వరం క్యాసెట్ వేస్తారు. సెట్టు యజమాని, ముందే చెప్పి ఉంచినందువల్ల, మా సీడీ వేశాడు. డ్రమ్ములు బాగానే మోగాయి. గిటార్ రాగానే ఆపేశాడు.

“గొట్టం చిరిగిపోయినాది,” అని పందిరంతటికీ ప్రకటించి, నిచ్చెన ఎక్కి లౌడ్‌స్పీకర్ గొట్టం మార్చాడు. మళ్ళీ వేశాడు. గిటార్ వచ్చింది. ఆపేశాడు. సీడీని తీసి తుండుతో తుడిచాడు. మళ్ళీ గిటార్ వచ్చింది. ఈసారి మీటలన్నీ ఎడమవైపు చివరిదాకా తిప్పి, దిగులుగా కూర్చున్నాడు. ఈ లోపల మొదటి చెవి పూర్తి నిశ్శబ్దంలో కుట్టడం జరిగింది. పాప ఏడుపు వీధి చివరిదాకా వినబడింది.

“అది సెట్టు తప్పు కాదండీ,” అన్నాను. “పాటే అలా ఉంటుంది.”

“పాట ఇట్లెట్లుంటాది సార్? చిరిగిపోయి ఉండాది.”

“కావాలనే చేశాం. తరంగం పైభాగం కత్తిరించాం.”

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. “అంటే మీరే చెడగొట్టి తెచ్చినారా?”

సాంకేతికంగా ఆ వర్ణనలో లోపం లేదు. అవునన్నాను.

“నా సెట్టు పేరు పోతాది సార్. రేపు నన్ను ఎవురు పిలుస్తారు?” అంటూ నాదస్వరం క్యాసెట్ చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడే ముందు వరుసలోంచి పాప నాన్నకు నాన్న, అంటే మిత్రుడి నాన్నగారి వియ్యంకుడు, గొంతెత్తారు. “ఏంది బావా, యాడ పట్టుకొచ్చినావు ఈ ఓటి సెట్టును? నాకు చెప్పుంటే మంచిది పంపుంటానే!”

చుట్టాలు సానుభూతిగా తలలూపారు. ఎవరూ నవ్వలేదు.

షరతు ప్రకారం మేం గెలిచినట్టే. కాని వాళ్ళు తూచింది సెట్టును, పాటను కాదు. మా కార్యాలయంలో అలాంటి పరీక్షను కొట్టివేస్తారు. పీట మీద నుంచి మిత్రుడు నా వైపు చూసి, వదిలెయ్ అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. వదిలేస్తే షెడ్డు మాది, నాన్నగారి పరువు భద్రం. చెడ్డపేరు సెట్టుకు మాత్రమే.

నాన్నగారు కుర్చీలోంచి లేచారు.

“సెట్టుకేమీ కాలేదు బావా. పాటే అట్లుంటాది. మావోడు పాడింది.”

“ఇదా?”

“ఇదే. ఏండ్లుగా వింటా ఉండాను, నాకు తెలీదా? పైన మోత, లోపల పాట ఉండాది.” ఆయన సెట్టు యజమాని వైపు తిరిగారు. “మొదట్నించీ వెయ్యప్పా. ఆ తిప్పినవన్నీ మళ్ళీ తిప్పు.”

పాట మొదటి నుంచి చివరిదాకా మోగింది. రెండో చెవి కుట్టారు. ఏడుపు ఎవరికీ వినబడలేదు. ఆచారం ఆ మేరకు నెరవేరింది.

పాట ముగియగానే వియ్యంకుడు నవ్వారు. చిన్న నవ్వు కాదు, తొడ చరుచుకుని నవ్వారు. ఆయన నవ్వు చూసి వెనక వరుసలో మరి కొందరు నవ్వారు. మిత్రుడు పాప గుండు వైపు చూస్తూ కూర్చున్నాడు. నాన్నగారు ఆ నవ్వులన్నీ పూర్తయ్యేదాకా ఆగి, నన్ను అడిగారు.

“ఇంకా ఎన్ని ఉండాయి తంబీ?”

“మూడండీ.”

“వెయ్యప్పా,” అన్నారు సెట్టు యజమానితో.

కుర్చీని గొట్టానికి ఎదురుగా జరుపుకుని, మిగిలిన మూడు పాటలూ కదలకుండా విన్నారు. వడ్డించమంటారా అని అడగడానికి వచ్చిన వంటవాళ్ళు ఆయన వాలకం చూసి వెనక్కి వెళ్ళిపోయారు. వియ్యంకుడు చివరి పాటకు నవ్వు మాని, భోజనాల బల్లల వైపు చూడసాగారు.

అంతా అయ్యాక నాన్నగారు వచ్చి కొడుకు ఒడిలోంచి పాపను ఎత్తుకున్నారు.

“షెడ్డులోనే వాయించుకోండి,” అన్నారు. “తలుపులు మాత్రం మూసుకోండి.”

మేం మొదటి నుంచీ తలుపులు మూసుకునే వాయిస్తున్నాం. ఆ సంగతి నేను చెప్పబోయేలోపు మిత్రుడు, “సరి నాయనా,” అన్నాడు.