మామిడి చెక్క గిటారు, అన్న స్కేలు

ఆదివారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి మామిడి చెక్క ఇంటికి వచ్చింది. కృష్ణగిరి రంపపు మిల్లు నుంచి హోసూరు దాకా బస్సులో, అక్కడి నుంచి మత్తిగిరికి షేర్ ఆటోలో అన్న దాన్ని ఒడిలో పెట్టుకుని తెచ్చాడు. గోనెసంచిలో చుట్టిన రెండు పలకలు. ఆటోలో పక్కన కూర్చున్నామె ఇదేమని అడిగిందట. గిటారు అని చెప్పాడట. ఆమె కొంచెం జరిగి కూర్చుందట.

అన్నా వదినా కింది ఇంట్లో, నేను మేడ మీద ఉండేవాళ్ళం. నేను ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. పుస్తకాలు చదువుతాను. అన్న చేతిపనివాడు. ఇనుమో అల్యూమినియమో కరిగించి పోయాలంటే ముందు ఇసకలో ఆ వస్తువు ఆకారంలో గుంట చేయాలి. ఆ గుంట కోసం వస్తువును మొదట చెక్కతో చేస్తారు. ఆ చెక్క అచ్చులు చేయడం ఆయన వృత్తి. ముప్పై రెండేళ్ళు ఒకే షెడ్డులో చేశాడు. పంపుల అచ్చులు, గేరు పెట్టెల అచ్చులు. తర్వాత ఆ పని మిషన్లకు పోయింది. షెడ్డు మూసిన రోజు తన పనిముట్ల పెట్టె తెచ్చి మంచం కింద పెట్టుకున్నాడు.

షెడ్డుకు ముందు, పెళ్ళికి ముందు, కృష్ణగిరిలో పెళ్ళిళ్ళకు వాయించే ఒక ఆర్కెస్ట్రాలో నాలుగేళ్ళు బేస్ గిటార్ వాయించాడు. నాలుగు లావు తీగలు ఉండే గిటార్ అది. దాన్ని వాయించేవాడు వెనక నిలబడతాడు, ఎవరూ చూడరు. ఆగిపోతే మాత్రం ఏదో తగ్గిందని అందరికీ తెలుస్తుంది. గిటార్ ఆర్కెస్ట్రా యజమానిది. పాటలు అయిపోగానే పెట్టెలో పెట్టి అప్పగించాలి. ఇంటికి తెచ్చి వాయించిన రోజు ఒక్కటి కూడా లేదని అన్న ఎప్పుడో ఒకసారి చెప్పాడు. దాన్ని ఫిర్యాదుగా చెప్పలేదు.

షెడ్డు మూసిన ఏడాదికి ఆయన ఎడమచేతి వేళ్ళకు తిమ్మిరి పట్టింది. చక్కెర వ్యాధి అప్పటికి పాతది. డాక్టరు వేళ్ళ కొనల మీద సూదితో తాకి చూశాడు. స్పర్శ మెల్లగా పోతుందని, పోయింది తిరిగి రాదని చెప్పాడు. తిరిగి వస్తూ బస్సులో అన్న నా వైపు తిరిగాడు.

"ఒరే, నాకొక బేస్ కావల్ల. కొనేది కాదు, చేసుకునేది."

"ఇప్పుడా అన్నా?"

"ఇంకెప్పుడురా? వేళ్ళకు తీగ తెలిసేలోపల చెయ్యల్ల."

మెడ భాగం, అంటే వేళ్ళతో నొక్కే పొడుగాటి పట్టీ, లోహపు మెట్లతో సహా బెంగళూరులో తయారుగా దొరికింది. తీగలు, వాటి కదలికను కరెంటుగా మార్చే పికప్పులు, తీగల కింది చివరలను పట్టుకునే బ్రిడ్జి అనే లోహపు పలక కూడా అక్కడే తెచ్చాం. ఒంటి భాగం మాత్రం ఆయన చేయాలి. నా పని చదవడం. మెడ పైకొన నుంచి బ్రిడ్జి దాకా తీగ సరిగ్గా ముప్పై నాలుగు అంగుళాలు ఉండాలి, మెట్లన్నీ ఆ లెక్కకే కొట్టి ఉంటాయి అని చదివి, కొలతలన్నీ ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన ఆ కాగితాన్ని గోడకు అంటించాడు.

వరండాలో పని మొదలైంది. రెండు పలకలను చిత్రిక పట్టి, అంచుకు అంచు చేర్చి, జిగురు పెట్టి బిగించాడు. అట్ట మీద ఆకారం గీసి కత్తిరించి, చెక్క మీద పెట్టి గీసి, రంపం మిషన్‌తో కోశాడు. ఉలితో మెడ కూర్చునే గాడి తొలిచాడు. అంచులు ఆకురాయితో రాకి, గరుకు ఉప్పు కాగితంతో రుద్దాడు. మామిడి చెక్కకు ఏదో ప్రత్యేకమైన నాదం ఉందని నేను చెప్పను. అది అక్కడ చవక. రోడ్డు పక్క తోటలు కొట్టి ప్లాట్లు వేస్తున్నారు కాబట్టి మిల్లులో ఎప్పుడూ ఉంటుంది.

వదిన ఇంట్లో జాకెట్లు కుడుతుంది. వరండాలో తన మిషన్ పక్కన పొట్టు పడుతుంటే ఊరుకునే మనిషి కాదు.

"వాకిలి గడియ ఊడి ఆరు నెలలాయ. దానికి తీరిక లేదు. గిటారు చేస్తాడంట మీ అన్న."

"గడియను వాయించేకి అవుతుందా మే?" అన్నాడు అన్న.

"నువ్వు వాయిస్తే రెండూ ఒకటేలేప్పా."

ఒకరోజు నేను ఆ ఒంటి అంచులు చూశాను. పైవైపు కంటే కిందివైపు కొంచెం వెడల్పుగా, వాలుగా ఉన్నాయి. ఎందుకన్నా అని అడిగితే తడిమి చూసి నవ్వాడు. అచ్చును ఇసకలోంచి పైకి లాగేటప్పుడు గుంట అంచు విరగకూడదని ప్రతి గోడకూ కొంచెం వాలు ఇస్తారు. ఎవరూ చెప్పకుండానే ఆయన చేయి గిటారుకు కూడా ఇచ్చింది.

"దీన్ని ఇసకలోంచి పెరికేది లేదు కదరా. చెయ్యి దాని పని అది చేసుకొనిపోతా ఉండాది."

వాలును రాకి సరిచేశాడు. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడే ఇంకొంచెం ఆలోచించి ఉండవలసింది. మెడను గాడిలో కూర్చోబెడితే అది వదులుగా కదిలింది. ఇన్నేళ్ళలో ఆయన చేసిన గాడి వదులు కావడం ఎవరూ చూడలేదు. చెక్క ఎండి ఉంటుందన్నాడు. పలచని చెక్క రేకు ఒకటి పెట్టి బిగించాడు.

తీగలు ఎక్కించిన సాయంత్రం నేను కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వదిన మిషన్ ఆపింది. ఒట్టి తీగలు నాలుగూ శ్రుతికి వచ్చాయి. మొదటి రెండు మెట్ల దగ్గర బాగానే ఉంది. పైమెట్లకు పోయేకొద్దీ స్వరం దిగిపోయింది. అన్న మళ్ళీ శ్రుతి చేశాడు. మళ్ళీ దిగింది. బ్రిడ్జిలో సర్దే మరలు ఉంటాయి, వాటిని చివరిదాకా తిప్పాం. చాలలేదు. ఆయన ఎడమచేతి వేళ్ళను తిప్పి చూసుకున్నాడు.

"నొక్కు చాలడం లేదా? వేళ్ళు పోయినాయేమిరా?"

ఆయన నన్ను అడిగాడు. కొలతలన్నీ కాగితంలో ఉన్నాయి. ఆయన చేసిన కొలత తప్పుతుందని నాకు తోచలేదు.

"వేళ్ళేమోనన్నా" అన్నాను.

నేను లేచి ఒక్కసారి ఆ తీగను నా వేలితో నొక్కి చూసి ఉంటే తెలిసేది. తిమ్మిరి లేని నా వేలికి కూడా అది అలాగే పలికేది. నేను చూడలేదు. జీవితంలో చాలా మాటలు అన్నాను, చాలా పుస్తకాల్లో మాటలు చదివాను. నన్ను ఇంతగా తొలిచిన మాట ఇంకొకటి లేదు.

అన్న గిటారును గోడకు తగిలించాడు. ఏడు వారాలు దాన్ని ముట్టుకోలేదు. వాకిలి గడియ మాత్రం బాగుచేశాడు. వదిన దానికి సంతోషించలేదు.

దుమ్ము పడుతోందని వదిన ఒక ఆదివారం దానికి గుడ్డతో ఉర కుట్టడానికి కూర్చుంది. కాగితం చూసి కొలతలు చెప్పమంది. ఒంటి పొడవు ఇరవై అంగుళాలు అని చదివాను. ఆమె గిటారును ఒడిలో పెట్టుకుని టేపు సాచింది.

"ఇరవై యాడుండాదప్పా? ఇరవైంపావు ఉండాది."

"సరిగ్గా చూడు వదినా."

"నాకు టేపు చూసేది నువ్వు నేర్పిస్తావా? నువ్వే చూడు."

ఇరవైంపావే ఉంది. వెడల్పు కూడా అంతే, కాగితం కంటే కొంచెం ఎక్కువ. ఏది కొలిచినా కొంచెం ఎక్కువ.

"లోకానికంతా ఒక కొలత, మీ అన్నకొక కొలత" అంది వదిన.

మంచం మీద పడుకున్న అన్న లేచి కూర్చున్నాడు. తర్వాత మంచం కింది పెట్టెలోంచి తన స్టీలు స్కేలు తెమ్మన్నాడు. వదిన టేపును దాని పక్కన పరిచాడు. ఒకటో అంగుళం దగ్గర రెండూ ఒకటిగానే కనిపించాయి. పన్నెండో అంగుళం దగ్గర గీతలు విడిపోయాయి. చివరకు పోయేసరికి స్కేలు పావు అంగుళానికి పైనే ముందుంది.

కరిగిన లోహం చల్లారితే కుంచించుకుపోతుంది. అందుకే అచ్చును కావలసినదాని కంటే కొంచెం పెద్దగా చేయాలి. ప్రతిసారీ లెక్క వేసుకోకుండా, అంగుళమే కొంచెం పెద్దగా ఉండే స్కేలు ఒకటి వాళ్ళకు ఉంటుంది. దాని మీద పది అంటే నిజంగా పది కంటే కొంచెం ఎక్కువ. అది ఏ లోహానికో చెప్పే అక్షరాలు దాని చివర కొట్టి ఉంటాయి. అన్న స్కేలు మీద అవి ఎప్పుడో అరిగిపోయాయి. ఆయనకు వాటి అవసరం కూడా లేదు. ముప్పై రెండేళ్ళు ఆయనకు అంగుళమంటే అదే.

"నేను గిటారు చెయ్యలేదురా" అన్నాడు. "గిటారు అచ్చు చేసినాను. దీన్ని ఇసకలో పెట్టి అల్యూమినియం పోసినామంటే, అప్పుడు వస్తుంది సరైన గిటారు."

వదిన మొదట నవ్వింది. ఆయనా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఆయన తన ఎడమచేతి వేళ్ళను బొటనవేలితో ఒక్కొక్కటే తాకి చూసుకుంటున్నాడు.

"అయితే వేళ్ళు కాదు" అన్నాడు మెల్లగా.

"కాదన్నా."

"అప్పుడు కాదు."

ఆ ఏడు వారాల్లో వేళ్ళ సంగతి మారిందని నాకు అప్పుడు అర్థమైంది.

మర్నాడే బ్రిడ్జి ఊడదీశాం. ఈసారి వదిన టేపుతో కొలిచాం. బ్రిడ్జిని పదకొండు మిల్లీమీటర్లు ముందుకు జరపాలి. అన్న మామిడి ముక్కలోంచి సన్నని మేకుల్లాంటి చీలలు చెక్కి, జిగురు పెట్టి పాత రంధ్రాలు పూడ్చాడు. చీలను వేళ్ళ మధ్య పట్టుకుంటే జారిపోతోంది, పట్టుకున్నట్టు తెలియడం లేదు. నేను పట్టుకున్నాను, ఆయన సుత్తితో కొట్టాడు. పూడ్చిన చోట్లు కనబడకుండా రంగు వేద్దామంటే వద్దన్నాడు.

తర్వాతి ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు శ్రుతి చేసి వాయించాడు. పైమెట్ల మీద కూడా స్వరం నిలబడింది. ఆర్కెస్ట్రా రోజుల్లోని ఏదో పాటకు బేస్ వాయించాడు. పాట లేకుండా బేస్ ఒక్కటే వింటే ఏ పాటో నాకు తెలియలేదు. వదిన మాత్రం తెలిసినట్టు తలాడించింది. తర్వాత ఆమెను అడిగితే, "నాకేం తెలుసప్పా, ఆయన మొహం చూసినాను" అంది.

ఇంకో ఐదు ఆదివారాలు అలా వాయించాడు. మూడోదానికి వేళ్ళు ఎక్కడున్నాయో చూసుకుంటే తప్ప తెలియడం లేదు. ఐదోదానికి చూసుకున్నా సరిపోలేదు. మొత్తం ఆరు. పోయిన ఏడు వారాలు కలిపి ఉంటే పదమూడు. నేను ఈ కూడిక చాలాసార్లు చేశాను. ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఆయనా నన్ను ఏమీ అనలేదు. నేనన్న ఆ మాట ఆయనకు గుర్తుందో లేదో కూడా నాకు తెలియదు.

మరుసటి ఏడాది అన్న పోయాడు. గుండె అన్నారు. గిటారు వదిన కుట్టిన ఉరలో గోడకు ఉంది. ఉర సరిగ్గా సరిపోయింది. నెలకొకసారి ఆమె దాన్ని విప్పి తుడిచి మళ్ళీ తొడుగుతుంది. స్కేలు నా బల్ల మీద ఉంది. ఆదివారం నాలుగు గంటలకు కింది ఇంట్లో ఇప్పుడు ఎవరూ తీగలు శ్రుతి చేయరు.