ఫైల్లో ఒంటె ఉండకూడదు

చలికాలం వస్తే మా నోయిడా సందులోకి ఆకుకూరల బండి వస్తుంది. నీళ్ళు చల్లిన పాలకూర, మెంతికూర పచ్చివాసన రెండో అంతస్తు దాకా ఎగబాకుతుంది. అందరికీ ఆకలి పుట్టించే వాసన నాకు గొంతులో చేదవుతుంది. కిటికీ మూసేస్తాను. అయినా అనంతరామయ్య గారు లోపలికి వచ్చేస్తారు.

ఢిల్లీలో నా మొదటి సెక్షన్ ఆఫీసర్ ఆయన. విజయనగరం మనిషి, ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఇల్లు. నేనూ ఆ కాలనీలోనే ఉండేవాణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆలస్యంగా వెళ్ళి, ధౌలా కువాన్ దగ్గర బస్సుకి అడ్డంగా ఒంటె పడుకుందని చెప్పాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు.

"ఒంటె మెడలో ఏటుందయ్యా?"

"ఇత్తడి గంట సార్. నాలుక ఊడిపోయింది."

"శభాష్! ఆ ఊడిన నాలుక వల్ల నమ్మబుద్ధేస్తోంది. క్యాంటీన్లో ఎన్ని ఒంటెలైనా తోలుకో. ఫైల్లో ఒక్కటి కనబడిందా, నిన్ను దానికే కట్టి పంపిస్తాను."

కోతలు ఎక్కడ కోయాలో, ఎక్కడ ఆపాలో రెండూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నా కోతలకు కడుపు పట్టుకుని నవ్విన మనిషే, నా ఫైలు నోట్‌లో ఒక మాట ఎక్కువైతే నిర్దాక్షిణ్యంగా కొట్టేసేవారు. చిక్కేమిటంటే, కోతలకొకటి, నిజానికొకటి, నాకు రెండు నాలుకలున్న సంగతి ఆయనకొక్కరికే తెలుసు. మిగతా కాలనీకి నేను ఒంటెల వాణ్ణి.

ఆయన రిటైర్మెంటుకి ఏడాది ఉందనగా, గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం మొదట్లోనే బూరలా ఉబ్బిందని తేలింది. పగిలితే ఆసుపత్రి దాకా కూడా చేరరన్నారు. ఛాతీ తెరిచి, ఉబ్బిన ముక్క తీసేసి, బట్టలా నేసిన గొట్టం కుట్టారు. దాని మొదట్లో లోహపు కవాటం. "జన్మంతా ఖద్దరు కట్టినవాడికి లోపల పాలిస్టరు వేశారయ్యా!" అన్నారు స్పృహ రాగానే. గదిలో ఎవరూ మాట్లాడకపోతే ఆ కవాటం టిక్కుమనడం వినిపించేది. ఆసుపత్రి లిఫ్టులో ఆయన పక్కన నిలబడ్డవాళ్ళు తమ వాచీలు చెవి దగ్గర పెట్టుకున్నారని కాలనీలో ప్రచారం చేశాను. ఆయనే పడీపడీ నవ్వారు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్నూ, సార్ భార్య భారతి గారినీ కూర్చోబెట్టింది. "కవాటం మీద రక్తం గడ్డకట్టకుండా ఈ మాత్ర జీవితాంతం వేసుకోవాలి. పాలక్-వాలక్ అచానక్ మత్ బఢానా. పాలకూరలాంటి ఆకుకూరలు ఉన్నట్టుండి పెంచితే మందు పనిచేయదు. వారం వారం రక్తపరీక్ష తప్పనిసరి." ప్రతి మాటా తెలుగులో భారతి గారికి చెప్పాను. ఉప్పూ కారం కలపలేదు.

కానీ మనవాళ్ళ వైద్యం వేరు. అంత ఆపరేషనయ్యాక రక్తం పట్టాలి, రక్తం పట్టాలంటే ఆకుకూరలే. ఎదురింటి వరలక్ష్మి గారు మొదలుపెట్టారు. మునగాకు వేపుడు, తోటకూర పులుసు, పాలకూర పప్పు, పూటకో గిన్నె. నేను గుమ్మంలోనే అడ్డుకున్నాను.

"వద్దండీ. డాక్టర్ గట్టిగా చెప్పింది. ఆకుకూర తింటే మందు విరిగిపోయి రక్తం గడ్డకడుతుంది."

"ఏంటీ, తోటకూర తింటే రక్తం గడ్డకడుతుందా? వాచీల కథ అయిపోయింది, ఇప్పుడిదా! తప్పుకోవయ్యా బాబూ, చల్లారిపోతుంది."

లోపలికి వెళ్ళి సార్‌ని బతిమాలాను. ఆయన నన్ను నమ్మారు. నమ్మి కూడా గిన్నె దగ్గరికి లాక్కున్నారు. "ఆడపడుచులా వండి తెచ్చింది. మొహమ్మీద వద్దంటే ఏం బాగుంటుందయ్యా? ఒక్క ముద్దకేం కాదు."

రక్తపరీక్షకు తీసుకెళ్తానంటే భారతి గారు ఒప్పుకోలేదు. "ఇప్పుడిప్పుడే కాస్త పట్టిన రక్తం, మళ్ళీ తోడించడం ఎందుకు నాయనా? వచ్చే వారం చూద్దాంలే."

ఆ వచ్చే వారంలోనే ఒక ఉదయం ఆయన చేతిలో పేపరు జారిపోయింది. మూతి పక్కకి లాగేసింది. కవాటం మీద కట్టిన గడ్డ ముక్క మెదడుకి చేరిందన్నారు. నన్ను చూసి ఏదో చెప్పబోయారు, మాట రాలేదు. నాలుగు రోజులకు పోయారు.

సంతాపానికి వచ్చిన ఆడవాళ్ళ మధ్య వరలక్ష్మి గారు కళ్ళు తుడుచుకుంటూ అన్నారు: "డాక్టర్లే పాడుచేశారు. లేకపోతే ఇంత బలమైన తిండి పెట్టి కూడా మనిషి దక్కకపోవడమేంటి?" ఆమె ఏడుపు నిజమైనదే. అదే నన్ను మరీ మండించింది. లేచి నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాను. అందరూ నా వైపు తిరిగారు. మూలనున్న ఒకాయన పెదవి, అలవాటు కొద్దీ, నవ్వడానికి సిద్ధమై ఆగిపోయింది.

నేను కథలు మానలేదు. ఆ రోగం నాతోనే పోతుంది. కానీ ఎవరింట్లో భోజనానికి కూర్చున్నా, "ఒక్క గరిటె, మా తృప్తి కోసం" అనగానే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాను. వేళ్ళ మీద వేడి పప్పు పడినా తియ్యను. ఇల్లాలి మొహం మాడిపోతుంది. పొగరుబోతు అంటారు. అననీ. గిన్నె ముందు సార్ అనలేకపోయిన 'వద్దు' అన్న ఆ ఒక్క మాటను, వాళ్ళ మొహమ్మీదే, నేను అంటాను.