లేని ధరకు గీసిన గీత

బ్యాగులు కుట్టే ఆవిణ్ణి వీధంతా జిప్పులమ్మ అనే పిలుస్తుంది. ఆవిడకొక చాదస్తం. కొత్త జిప్పు సరుకు వచ్చినప్పుడల్లా బెత్తెడు ముక్క కోసి, గోడకు వేలాడే పాత దుప్పటికి కుట్టి, పక్కన తేదీ, ధర రాసేది. "ఇదేమన్నా మ్యూజియమా?" అని మొగుడు ఎగతాళి చేసేవాడు.

ఆ మహానుభావుడే ఆరేళ్ల కిందట సరుకు కొనే పని ఆవిడ చేతుల్లోంచి లాక్కున్నాడు. జిప్పుల ధర ఏటికేడాది ఎక్కిపోతోందని, "నీకు బేరమాడటం చేతకాదు" అన్నాడు. అత్తగారు వంతపాడింది. వినీ వినీ ఆవిడ కూడా నమ్మేసింది. ఎంత అన్యాయం!

తీరా చూస్తే, నాలుగు జిప్పుల కంపెనీలు పదేళ్లుగా కూడబలుక్కుని ధరలు పెంచాయట. అది రుజువయ్యాక జిప్పులమ్మతో సహా చిన్న దుకాణాలవాళ్లంతా నష్టపరిహారానికి దావా వేశారు. కంపెనీలేమో, "నైలాన్ ఖరీదు పెరిగింది, అందుకే పెంచాం. ఎవరికీ నష్టం లేదు" అని మొండికేశాయి.

వాళ్ల లాయరు జిప్పులమ్మ ఇంటికి పంపిన ఆర్థికవేత్త చిన్నపిల్లలా ఉంది. దుప్పటి చూసి, "అమ్మో, ఇన్నేళ్లవీ దాచారా!" అని నోరెళ్లబెట్టింది. పైవరసలో ఆ నాలుగు కంపెనీల వెడల్పు జిప్పులు, కిందివరసలో పర్సుల సన్న జిప్పులు. సన్నవి వేరేవాళ్లు చేస్తారు, నైలాన్ మాత్రం అదే. ఆ పిల్ల కంప్యూటర్‌లో రెండు గీతలు గీసింది.

"మొదట్లో రెండూ కలిసే ఎక్కాయి, కలిసే దిగాయి. పదేళ్ల కిందట వెడల్పుది విడిపోయింది. నైలానే కారణమైతే సన్నదీ అంతే పెరగాలి కదండీ?" అని, కింద చుక్కలతో ఇంకో గీత వేసింది. "వాళ్లు కూడబలుక్కోకపోతే ధర ఇలా ఉండేది. పైగీతకూ దీనికీ మధ్యనున్నదే మీ నష్టం."

జిప్పులమ్మకు ఒళ్లు జలదరించింది. ఏ కొట్లోనూ ఎవరూ చెప్పని ధర! జరగనిదాన్ని కళ్లకు కట్టే చదువొకటి ఉందని ఆవిడకు ఇన్నాళ్లూ తెలియనే తెలియదు.

"కానీ ఒక చిక్కుంది," అంది ఆ పిల్ల. "ఈ ఆరేళ్లూ మీ వెడల్పు జిప్పుల ధర మిగతా దుకాణాల కంటే బాగా తక్కువుంది. మీకొక్కరికే తగ్గించారా? ఇది తేలకపోతే దుప్పటిని కోర్టు నమ్మదు."

జిప్పులమ్మ మొగుడివైపు చూసింది. ఆరేళ్లుగా ధర చెప్పింది ఆయన, రాసింది ఆవిడ.

ఆయన లేచాడు. బీరువా వెనక నుంచి బిల్లుల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"తగ్గించి చెప్పాను. నేనూ అందరిలాగే కొన్నాను. ఎంత బతిమాలినా ఒక్కడూ దిగలేదు."

ఆ పిల్ల అసలు ధరలు ఎక్కించింది. పైగీత మిగతా దుకాణాల గీతతో చక్కగా కలిసిపోయింది. ఆవిడ కొన్న ఏళ్లలోనూ, ఆయన కొన్న ఏళ్లలోనూ ఒకే తీరు.

"ఇందులో బేరానికి చోటే లేదండీ. ఎవరు వెళ్లినా ఇంతే," అంది ఆ పిల్ల.

జిప్పులమ్మ ఆ గీతను కళ్లార్పకుండా చూసింది. లేచి నిలబడింది.

"ఆ కంప్యూటర్ ఒక్కసారి లోపలి గదిలోకి తీసుకురామ్మా. మా అత్తగారికి కూడా చూపించాలి."