బాటకు అడ్డంగా మల్లెకొమ్మ

ఈమధ్య మా ఇంటి వెనక ఉన్న కాస్త జాగాలో తోట వేయించుకుందామని ఒకాయన్ని పిలిపించాను. టేపుతో నాలుగు మూలలూ కొలిచి, "ప్లాన్ గీసి పెడదామా మేడం, లేకపోతే ఎక్కడ తోస్తే అక్కడ పెట్టుకుంటూ పోదామా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. ఈ రెండింటి మధ్యా నలిగి చచ్చినదాన్ని, నన్నా అడిగేది! రేపు చెప్తానని పంపించేశాను.

ఎనభైల మొదట్లో మేము ధర్మపురిలో ఉండేవాళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా నాయన ఒక ఆఫీసులో కూర్చుని ఇళ్ళకు ప్లాన్లు గీసేవాడు. అమ్మ ఆ పక్కనే ఉన్న ఇండూరు అనే పల్లెలో సేద్యం చేసేవాళ్ళ ఇంటి ఆడపడుచు. ఇద్దరూ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకునేవాళ్ళు కారు. పోట్లాట లాంటిదేమీ లేదు. అత్తమామల ముందు మొగుడితో మాట్లాడకూడదని కాపురం కొత్తలో పడిన అలవాటు, ఆ అత్తమామలు పోయినా పోలేదు. వాళ్ళకు పుట్టింది నేనొక్కదాన్నే కాబట్టి మాటలన్నీ నా మీదుగానే నడిచేవి. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నా సరే, "మీ నాయనకు చెప్పు", "మీ యమ్మను అడుగు". విసుగెత్తి ఒకసారి, "నాకు నోరు నొప్పి పుడుతుంది, మీరే మాట్లాడుకోండి" అన్నాను. ఇద్దరూ సిగ్గుపడి చెరో దిక్కు చూశారు.

పెరడు బాగు చేద్దామనుకున్న ఏడు మా నాయన ముందు కాగితం మీద తోట వేశాడు. వెనక గుమ్మం నుంచి బావి దాకా తిన్నని బాట. అటు వంగ, బెండ, ఇటు టమాటా, మిరప. మూలన నిమ్మచెట్టు. ఆదివారం పొద్దున్నే మేకులు కొట్టి, దారం లాగి, దాని వెంబడి గీతలు పోశాడు. దేంతో అనుకున్నారు? అమ్మ ముగ్గుపిండితో!

"డబ్బా అంతా వంచేసె. రేపు వాకిట్లో దేంతో ముగ్గు పెట్టేది, మన్నుతోనా? అడుగు మీ నాయనను" అంది అమ్మ.

అమ్మ పద్ధతి వేరు. కాళ్ళకు చెప్పుల్లేకుండా, బియ్యం కడిగిన నీళ్ళ గిన్నె పట్టుకుని పెరట్లో ఊరికే తిరిగేది. ఎక్కడో ఆగి, మడమతో నేల నొక్కి చూసి, ఒక గింజ పెట్టేది. అక్కడే ఎందుకమ్మా అంటే, "ఈడ చల్లగా ఉండాది" అనేది. అంతకు మించి ఆమె దగ్గర లెక్కా పత్రం ఏమీ ఉండేది కాదు.

ఆ ఏడే, తమిళుల ఆడి నెలలో, ఇండూరులో మా మేనమామలు వేరు పడ్డారు. పాత ఇల్లు పడగొట్టి, మధ్యలో గోడ లేపుతామన్నారు. మా అమ్మమ్మ పెట్టిన మల్లెతీగ సరిగ్గా ఆ గోడ దారిలో ఉంది. అమ్మ పోయి, కొట్టేసే ముందు ఒక కొమ్మ తుంచి, తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. పుట్టింటిది అని చెప్పుకోవడానికి ఆమెకు మిగిలింది అదొక్కటే. తెచ్చిన గంటలో అంట్లు తోమే బండ పక్కన నాటేసింది. అది మా నాయన బాటకు సరిగ్గా నడిమధ్య.

"బాటలో చెట్టు పెడితే అది బాటెట్ల అవుతుందో అడుగు మీ యమ్మను."

"పక్కన తిరిగి పోతే కాళ్ళు అరిగిపోతాయా, అడుగు."

ఆయన కొమ్మను పీకలేదు, కానీ గీసిన గీత తప్పలేదు. బండ దగ్గర్నుంచి తన మళ్ళకు తిన్నగా సిమెంటు కాలవ కట్టించాడు. అంట్లు కడిగిన నీళ్ళన్నీ కొమ్మ పక్కనుంచే జారిపోయి వంగమడిలో పడేవి. కొమ్మకు చుక్క దక్కేది కాదు.  అమ్మ రోజూ బియ్యం నీళ్ళు తెచ్చి తన చేత్తో పోసేది. అలా అది బతికి ఆకు వేసింది.

చలికాలంలో అమ్మకు జబ్బు చేసింది. సేలం ఆసుపత్రిలో పెట్టారు. మా మేనత్త వచ్చి నాకు వండి పెట్టేది. కొమ్మ సంగతి ఎవరికీ పట్టలేదు, నాకూ పట్టలేదు. ఒకరోజు నాయన సేలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుందామని బావి దగ్గరికి పోతూ పండిపోయిన ఆకులు చూశాడు.  గడ్డపార తెచ్చి, తాను కట్టించిన కాలవను తానే కొమ్మ పక్కన పగలగొట్టాడు. చేత్తో మట్టి ఎత్తి పాదు చేశాడు. ఆఫీసు చొక్కా నిండా బురద.

"నువ్వు రేపు ఆసుపత్రికి వస్తావు కదా. మీ యమ్మకు చెప్పు, కాలవ తీసేసినా అని" అన్నాడు. అంతకు ముందు రాత్రంతా ఆయన ఆమె మంచం పక్కనే కూర్చుని వచ్చాడు.

నేను పోయి చెప్పాను. అమ్మ పెదవుల మీదికి నవ్వు వచ్చింది. "బాట వంకర పోయె. మీ నాయనకు నిద్ర పడుతుందా, అడుగు" అంది. ఆయన అక్కడే, మంచం అవతలి పక్కన నిలబడి ఉన్నాడు. నేను అడిగాను. "పడుతుందని చెప్పు" అన్నాడు.

అమ్మ మళ్ళీ ఇంటికి రాలేదు.

ఇప్పుడు నాకు ఏ తోటా వద్దు. వాళ్ళిద్దరి మధ్య నిలబడి ఇటు మాట అటూ, అటు మాట ఇటూ మోయాలని ఉంది. నోరు నొప్పి పుట్టినా ఒక్క మాట అనను.

అమ్మ లేని ఆ మొదటి ఎండాకాలం ఒక పొద్దున నేను గుమ్మంలో కూర్చుని తల దువ్వుకుంటున్నాను. నాయన బావి దగ్గర్నుంచి బొక్కెనతో వస్తూ, బాట మధ్యలో తీగ పక్కగా తిరగబోయి ఆగాడు. వంగి చూశాడు.

"పాపా, మల్లి పూసింది. మీ యమ్మకు చెప్పు" అన్నాడు.

నేను దువ్వెన పక్కన పెట్టి లేచాను. వంటింటి గడప దాకా పోయాను.