నలభై ఆరు గజాలు

దూరం చూపించే బైనాక్యులర్స్‌లో అంకె ఎర్రగా వెలుగుతుంది. ఆ అంకెను నా కళ్ళతో చూసి, పైకి చదివి, నాలుగు క్షణాలు గడవకముందే నేనే దాన్ని వెనక్కి తీసుకున్నాను. ఈ సంగతి కోపం తగ్గాక రాద్దామని రెండేళ్ళు ఆగాను. అది తగ్గే సూచనలు కనిపించడం లేదు కనుక ఇప్పుడే రాస్తున్నాను.

కెనడాలోని సార్నియాలో ఒక రసాయన కర్మాగారం ల్యాబ్‌లో నా ఉద్యోగం. నమూనా తీసుకోవడం, పరీక్షించడం, వచ్చిన అంకెను వచ్చినట్టు రాయడం నా పని. మా కుటుంబంలో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేనే. మా నాన్న రైస్‌మిల్లులో కాటా దగ్గర పనిచేసేవారు. బస్తా కాటా మీద పడగానే బరువు గట్టిగా పలకాలి. ఆయన "డెబ్బై ఎనిమిది" అని పలికితే, కుర్చీలో కూర్చున్న యజమాని కాటా వైపు చూడకుండానే "డెబ్బై అయిదు" అనేవాడు. నాన్న "అలాగేనండి" అనేవారు. ధాన్యం తెచ్చిన రైతు ఇద్దరి ముఖాలూ చూసి తల దించుకునేవాడు. చదువుకున్న నా నోటి నుంచి ఆ "అలాగేనండి" ఎన్నడూ రాదని నాకు గట్టి నమ్మకం ఉండేది.

నాకు వేట పరిచయం చేసినవారు ఒక డాక్టరు గారు. గుంటూరు ప్రాంతం నుంచి యువకుడిగా ఈ దేశం వచ్చి, ఈ ఊళ్ళోనే వైద్యం చేసి, రిటైరైన పెద్దమనిషి. నేను కాలేజీలో చేరిన కొత్తల్లో, బస్సులు సరిగ్గా లేని ఈ ఊళ్ళో, వారం వారం నన్ను తన కారులో సరుకులకు తీసుకెళ్ళినవారు ఆయనే. నా మొదటి శీతాకాలానికి కోటు ఇచ్చినది ఆయన భార్య, నేను ఆంటీ అని పిలిచే ఆవిడ. ఆయన శరదృతువులో క్రాస్‌బోతో జింకల వేటకు వెళ్ళేవారు. క్రాస్‌బో అంటే తుపాకీలా భుజానికి ఆనించి పట్టుకునే విల్లు. దాని బాణం బలమైనదే కానీ, దూరం పెరిగే కొద్దీ చాలా వేగంగా కిందికి వాలిపోతుంది. ముప్పై గజాలకు పెట్టిన గురి నలభై గజాల దగ్గర పనికిరాదు. అందువల్ల దూరం తెలియడం ఆ వేటలో సగం పని.

డెబ్బై దాటాక ఆయనకు దూరాలు అంచనాకు అందడం మానేశాయి. ఆ సంగతి ఆయన ఒప్పుకోలేదు, ఆంటీ ఒప్పుకున్నారు.

"ఏవయ్యా, నువ్వు ల్యాబు మనిషివి. దూరం కొలిచే బైనాక్యులర్స్ వచ్చాయట. మంచిది చూసి ఎంచిపెట్టు," అన్నారు ఆయన.

"అలాగే ఆయన పంతం కొలిచే యంత్రం కూడా ఏదైనా ఉంటే చూడు బాబూ," అన్నారు ఆంటీ వంటింట్లోంచి.

నేను వాటి గురించి మూడు వారాలు చదివాను. పరీక్షకు చదివినట్టే చదివాను. మొదట నాకు కోపం తెప్పించినది ఆ డబ్బాల మీది రాత. రెండు వేల గజాలు, మూడు వేల గజాలు అని పెద్ద అక్షరాలు! అది అద్దంలా మెరిసే పలక మీద లేజర్ కిరణం పడి తిరిగివస్తే అందే దూరం. గోధుమరంగు బొచ్చున్న జింక ఒంటి మీద అందులో సగం కూడా రాదు. క్రాస్‌బో వేటగాడికి ఆ వేలతో పనే లేదు. అతనికి కావలసినది పదిహేను గజాల నుంచి యాభై గజాల లోపు ఒక్క గజం తేడా లేకుండా చెప్పగలగడం. ఆ ముక్క డబ్బా మీద ఎక్కడా ఉండదు. లోపలి పుస్తకంలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

దుకాణంలో నేను కౌంటరు ముందుకు వెళ్ళగానే అక్కడి కుర్రవాడు, "పక్షులు చూడటానికా?" అని అడిగి, నా జవాబు వినకుండానే అరచేతిలో ఇమిడే బొమ్మలాంటిది ఒకటి తీసి ముందు పెట్టాడు. నా వెనుక నిలబడిన ఎర్ర టోపీ పెద్దమనిషిని అతను ఆ ప్రశ్న అడగలేదు. జింకల వేటకు అని చెప్పాను. కనీసం ఎంత దూరం నుంచి కొలుస్తుందని అడిగాను. అతనికి తెలియదు. "అంత దగ్గరైతే కళ్ళు చాలవా?" అని నవ్వాడు. నాకు వేట కోర్సు సర్టిఫికెట్ ఉంది. అది జేబులోంచి తీసి చూపించాలనిపించింది. చూపించలేదు. దానికి బదులు, సాయంత్రం అయిదింటి దాకా ఆగి, ఆ వస్తువులను దుకాణం గుమ్మం బయటికి తీసుకువెళ్ళి చూస్తానని పట్టుబట్టాను. దీపాల వెలుగులో అన్నీ బాగానే కనిపిస్తాయి. జింక వచ్చేది మసక వెలుతురులో.

ఆ పార్కింగ్ స్థలంలో నిలబడి, పది రెట్లు పెద్దగా చూపించేది పక్కన పెట్టి, ఎనిమిది రెట్లది తీసుకున్నాను. పది రెట్లలో నా చేతి వణుకు కూడా పది రెట్లయింది. నల్ల అంకెలు చూపించేది చెట్ల నీడలో అసలు చదవలేకపోయాను. ఎర్ర అంకెలది, వెలుగు తగ్గించుకోగలిగినది ఎంచాను. కళ్ళజోడు తీయకుండానే చిత్రం పూర్తిగా కనిపించాలి. డాక్టరు గారికీ నాకూ ఇద్దరికీ కళ్ళజోళ్ళున్నాయి. చేతి తొడుగు తీయకుండా బొత్తాం నొక్కగలగాలి. ముందున్న గడ్డిపోచలను వదిలేసి వెనుక ఉన్న దాని దూరం చెప్పే అమరిక తప్పనిసరిగా ఉండాలి. లేకపోతే జింకకు బదులు గడ్డి దూరం చెబుతుంది. ఇవన్నీ ఒకదానిలో దొరికాయి.

ఇంటికి వచ్చి చూస్తే అది మీటర్లలో ఉంది. క్రాస్‌బో మీద గురి చూసే స్కోపులో గీతలు గజాలకు ఉంటాయి. ఈ దేశంలో రోడ్డు మీద కిలోమీటర్లు, వేటలో గజాలు. ముందుగా దాన్ని గజాలకు మార్చాను.

"గజాలా! ఇంటి స్థలం కొనేటప్పుడు తప్ప మనకి గజాలు గుర్తుండవయ్యా," అని డాక్టరు గారు నవ్వారు. అప్పుడే ఒక ఒప్పందం చేసుకున్నాం. ముప్పై అయిదు గజాలు దాటితే బాణం వేయకూడదు. మాట ఆయనదే. "దెబ్బ తిని పారిపోయిన జంతువును చూడటం నా వల్ల కాదు," అన్నారు.

నవంబరులో ఒక శనివారం, ఊరికి దూరంగా ఒక రైతు పొలం అంచున, చెట్టుకు కట్టిన మంచె మీద మధ్యాహ్నం రెండింటికే ఎక్కి కూర్చున్నాం. ఆ రైతు ఏటా డాక్టరు గారికి అనుమతి ఇస్తాడు. జింక రాకముందే చుట్టూ ఉన్న గుర్తుల దూరాలు కొలిచిపెట్టుకోవాలి. వచ్చాక అంత తీరిక దొరకదు. నేను ఒక్కొక్కటీ కొలిచి అట్టముక్క మీద రాశాను. వంగిన మేపుల్ చెట్టు పంతొమ్మిది. బండరాయి ముప్పై రెండు. కంచె మూలనున్న గుంజ నలభై ఆరు. చలికి బ్యాటరీ నీరసించకుండా బైనాక్యులర్స్‌ను కోటు లోపల పెట్టుకున్నాను.

నాలుగున్నరకు మగ జింక వచ్చింది. కంచె మూలనున్న గుంజ పక్కనే ఆగి, మాకు అడ్డంగా నిలబడింది. నేను బొత్తాం నొక్కాను.

"నలభై ఆరు అంకుల్," అన్నాను గుసగుసగా.

"ముప్పై ఉంటుందిలే."

నేను మళ్ళీ బొత్తాం నొక్కాను. అదే అంకె.

"ముప్పైయే కదా?"

"అవునండీ, ఉండొచ్చు," అన్నాను.

ఈ మాట అన్నది నేనే. అట్టముక్క నా మోకాలి మీద ఉంది. ఎర్ర అంకె నా కంట్లో ఉంది. పెద్దవారికి ఒకసారి చెప్పవచ్చు, రెండోసారి చెబితే ఎదురు చెప్పినట్టు. ఈ మర్యాద నాకు ఎవరూ పాఠంగా నేర్పలేదు. మిల్లులో వినీ వినీ వచ్చింది.

ఆయన ముప్పై గీతతో గురిపెట్టి వేశారు. బాణం కిందికి వాలి, జింక ముందుకాలికి తగిలింది. అది ఒక్కసారి కూలి, లేచి, మూడు కాళ్ళతో అడవిలోకి వెళ్ళిపోయింది. రక్తపు చుక్కల జాడ పట్టుకుని చీకటి పడేదాకా వెతికాం. వాగు దగ్గర చుక్కలు ఆగిపోయాయి.

మర్నాడు ఉదయం చర్చి నుంచి బయటికి వస్తుండగా రైతు ఫోను చేశాడు. జింక వాగు అవతల దొరికిందట. నక్కల్లాంటి కొయోటీలు దాన్ని బతికుండగానే పట్టుకున్నాయని జాడలు చెబుతున్నాయట. "పనికొచ్చేది ఏమీ మిగల్లేదు," అన్నాడు. కంచె గుంజ దగ్గర రక్తం చూశానని చెప్పి, "అంత దూరం నుంచి ఎందుకు వేశారు?" అని అడిగాడు.

ఆ మధ్యాహ్నం డాక్టరు గారింట్లో భోజనాలు. పది మంది దాకా ఉన్నాం. పులిహోర వడ్డిస్తుండగా ఆయనే మొదలుపెట్టారు.

"మనవాడు మూడు వారాలు పరిశోధన చేసి తెచ్చిన యంత్రం అండీ! తీరా చూస్తే లెక్క తప్పింది. మంచె మీద నుంచి ఏటవాలుగా కొలుస్తుంది కదా, అందుకని ఎక్కువ చూపించింది. నేను అడిగాను కూడా. ముప్పైయే కదా అంటే, అవునన్నాడు. అడగండి కావాలంటే!"

అందరూ నా వైపు చూసి నవ్వారు. ఆ బైనాక్యులర్స్ ఏటవాలును దానంతట అదే లెక్కలోంచి తీసివేసి, నేల మీది దూరం చెబుతుంది. తీసివేయకపోయినా, రెండు నిలువుల ఎత్తు మంచె నుంచి నలభై ఆరు గజాలకు వచ్చే తేడా అర గజం కూడా ఉండదు. పదో తరగతి లెక్క. వైద్యం చదివిన మనిషికి ఈ లెక్క రాదని నేను నమ్మను. ఆయన యంత్రం మీద వేసింది తన మీద పడాల్సిన నింద. అందులో కొంత వాటా నాకు పంచిపెట్టారు. అక్కడ ఒక జంతువు రాత్రంతా మూడు కాళ్ళ మీద నడిచింది, ఇక్కడ అది భోజనాల దగ్గర కబురైంది.

ఆంటీ మాత్రం నవ్వలేదు. గరిటె పట్టుకుని నా ముందు నిలబడ్డారు.

"నువ్వు నీకు కనిపించింది చెప్పావా, ఆయనకి కావలసింది చెప్పావా?"

"రెండూ చెప్పానాంటీ."

"ఏది ముందు?"

"కనిపించింది."

"మరి రెండోది ఎందుకు?" అని, పులిహోర వడ్డించకుండానే వెళ్ళిపోయారు.

అంతకన్నా కఠినమైన మాట నన్ను ఎవరూ అనలేదు. ఆయన మీద కోపం న్యాయమైనదే. కానీ ఆయన చెప్పినది అబద్ధం కాదు. నేను నిజంగానే అవునన్నాను. నా కోపానికి నేనే గండి కొట్టి పెట్టుకున్నాను.

ఆ తరువాతి శనివారం ఆయనను మళ్ళీ ఆ పొలానికి తీసుకెళ్ళాను. నేల కొలిచే పొడవాటి టేపు తెచ్చాను. ఒక కొస మంచె మొదట్లో ఆయన చేతికిచ్చి, రెండో కొసతో కంచె గుంజ దాకా నడిచాను. నలభై రెండు అని కేక వేశాను.

"చూశావా! నలభై ఆరు కాదు!" అని ఆయన చెయ్యి ఊపారు.

"ఇది మీటర్లలో అంకుల్! గజాల్లో నలభై ఆరు!"

ఆయన చెయ్యి దిగింది. నేను టేపు చుట్టుకుంటూ దగ్గరికి వచ్చి, "ముప్పై ఎక్కడుందండీ?" అని అడిగాను. ఆయన చేతిలోని టేపు కొస నాకిచ్చి గుంజ వైపు చూశారు.

"నాకు ముప్పైలాగే కనపడిందయ్యా," అన్నారు.

క్షమాపణ రాలేదు. భోజనానికి వచ్చిన పది మందిలో ఒక్కరికీ ఆ టేపు సంగతి ఆయన చెప్పలేదు. దానికి నేను ఇప్పటికీ ఆయనను క్షమించలేదు. ఆయన కారులో సరుకులు తెచ్చుకున్నది మరిచిపోయానని కాదు. రెండూ గుర్తున్నాయి.

మరుసటి నవంబరులో మళ్ళీ పిలిచారు. వెళ్ళాను. దూరం చదివేవాడు లేకుండా ఆయన ఒంటరిగా మంచె ఎక్కితే ఏం జరుగుతుందో నాకు తెలుసు. సాయంత్రం, అదే మసక వెలుతురులో, ఒక జింక బండరాయి దాటి కంచె వైపు నడిచి ఆగింది. బొత్తాం నొక్కాను.

"ముప్పై తొమ్మిది."

"ముప్పై అయిదు అనుకో."

"ముప్పై తొమ్మిది అంకుల్."

"నాలుగు గజాలకేముందిరా, ముప్పై అయిదే కదా?" ఆయన వేలు మీట దగ్గరికి వెళ్ళింది.

"ముప్పై తొమ్మిది! వెయ్యొద్దు!" అన్నాను. గుసగుసగా కాదు. నాన్న కాటా దగ్గర బస్తా బరువు పలికినంత గట్టిగా అన్నాను.

జింక తల ఎత్తింది. తెల్ల తోక పైకి లేచింది. నాలుగు కాళ్ళ మీదా ఎగిరి చెట్లలోకి మాయమైంది.

ఇల్లు చేరాక ఆంటీ తలుపు తీసి, "ఏం దొరికింది ఇవాళ?" అన్నారు.

"ఏమీ దొరకలేదు. వీడికి నోరు దొరికింది," అని డాక్టరు గారు బూట్లు విసురుగా విప్పి లోపలికి వెళ్ళిపోయారు.

ఆంటీ నన్ను కూర్చోమని, అడగకుండానే అన్నం వడ్డించారు.