ఈల మోగాక

బర్మామైన్స్ వీధిలో ఎవరు ఈల వేసినా అప్పలరాజు ఆగిపోయి నాలుగువైపులా చూస్తాడు. ముప్పై ఏళ్లుగా రైల్వే యార్డులో వ్యాగన్లు జోడించే పని అతనిది. అక్కడ ఈల వినగానే కదలకూడదు, జెండా ఊపడం కళ్లారా చూశాకే అడుగు వెయ్యాలి. ఈలనే నమ్ముకుని కదిలిన జతగాడు సూర్యం రెండు వ్యాగన్ల మధ్య నలిగి చనిపోతే, శవాన్ని బయటికి లాగింది అప్పలరాజే.

యాభై దాటినవాళ్ల ఈత పోటీ అతనికి మొట్టమొదటి పందెం. ప్రాక్టీసులో రోజూ అందరికన్నా ముందు అతనే అవతలి గోడ తాకేవాడు. "సీటీ సే పహలే మత్ హిల్‌నా, నాన్నా," ఈలకి ముందు కదిలితే పోటీలోంచి తీసేస్తారని బర్మామైన్స్‌లోనే పుట్టి హిందీ అలవాటైన కూతురు స్మిత పదిసార్లు చెప్పింది. పక్కవాడు తొందరపడి ఈలకి ముందే దూకి పోటీలోంచి పోయాడు. అది చూసి అప్పలరాజు కాలివేళ్లతో దిమ్మను మరింత గట్టిగా పట్టుకున్నాడు. మిగతావాళ్లని మళ్లీ నిలబెట్టాక ఈల మోగింది. అందరూ దూకారు. అతను మాత్రం తల తిప్పి రెఫరీ చేతులకేసి చూస్తూ నిలబడ్డాడు. తేరుకుని దూకేసరికి మిగతావాళ్లు సగం కొలను దాటేశారు.

ఒక్క తప్పూ లేకుండా, అందరికన్నా చివర గోడ తాకాడు.

"కూదే క్యోఁ నహీఁ?" ఎందుకు దూకలేదని స్మిత నిలదీసింది.

"జెండా ఊపనేదు కదమ్మా."

"యహాఁ కౌన్ మర్‌తా హై, నాన్నా!"

ఇక్కడ ఎవరూ చావరు, నిజమే. సూర్యం పేరు నోటిదాకా వచ్చింది. అప్పలరాజు తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.